18 మిల్లీసెకన్ల నేరం

నలభై ఏళ్లుగా డప్పు కొడుతున్న మా ఊరి పెద్దాయన తాళం తప్పాడని మొన్న ఒక కంప్యూటర్ తేల్చింది. మూడో దెబ్బ 18 మిల్లీసెకన్లు ఆలస్యం. హైదరాబాదులో ఒక రికార్డింగ్ స్టూడియోలో వెలువడిన ఆ తీర్పుకు, ఆయనకు తోడుగా వెళ్లిన నేనే సాక్షిని.

గొడవ డప్పు కాచడం దగ్గరే మొదలైంది. తోలు బిగియనిదే డప్పు పలకదు, స్టూడియోలో మంట పెట్టనివ్వరు. "పర్వాలేదు పెద్దయ్యా, శ్రుతి తర్వాత మేం పెంచుకుంటాం" అన్నాడు ఇంజనీరు కుర్రాడు. గడ్డీ, అగ్గిపెట్టే కూడా అతని మౌసులోనే ఉన్నాయన్నమాట.

పెద్దాయన సిర్ర, చిటికెన పుల్ల పట్టుకుని గంటసేపు దరువులు వేశాడు. కంప్యూటర్ తెర మీద తాళానికి కొలతగా గీసిన నిలువు గీతలకు అవి సరిపోలేదు. ఆ మూడో దెబ్బ కాస్త ఆగి పడుతుంది, ఆ సందులోనే ఊరేగింపులో అడుగు లేస్తుంది. ఈ సంగతి గీతలకెలా తెలుస్తుంది? అందుకని దరువంతా పక్కన పడేసి, ఒక్క దెబ్బను మాత్రం ఏరుకున్నారు.

ఆ దెబ్బ తెర మీద ఎండుచేపలా ఉంది. తల లావు, తోక సన్నం. కుర్రాడు చేపను బాగుచేసినట్టే దాన్ని బాగుచేశాడు. శబ్దపు అల సరిగ్గా నడిమి గీతను దాటేచోటే కోయాలట, లేకపోతే 'టిక్కు'మంటుందట. సెకను శబ్దాన్ని 48,000 సార్లు కొలిచిన ఆ రాశిలో అతను కోతచోటు వెతుకుతుండగా నాకు రెండు కాఫీలు, ఒక కునుకు పూర్తయ్యాయి. దెబ్బకు ముందు పెద్దాయన ఊపిరి పీల్చిన చప్పుడు వినిపించింది. తీసేశాడు. కడియం పుల్లకు తగిలిన చప్పుడు. అదీ తీసేశాడు. మిగిలినదాన్ని కీబోర్డు మీట మీదికెక్కించి, గీత గీతకూ ఒకటి చొప్పున పేర్చి, విని, పెదవి విరిచాడు.

"మరీ మెషీన్‌లా ఉంది."

అని ఇంకో మీట నొక్కాడు. దాని పేరు, నా మీద ఒట్టు, 'హ్యూమనైజ్'. అది దెబ్బలను లాటరీ తీసినట్టు కాస్త ముందుకో వెనక్కో జరుపుతుంది. పెద్దాయన ఊరికే ఇచ్చిన ఆలస్యాన్ని చెత్తబుట్టలో వేసి, కంపెనీవాడు చేసిన ఆలస్యాన్ని తెచ్చి పెట్టుకున్నారు. ఊపిరి తీసేసిన చోట పాత గ్రామఫోను రికార్డు గరగర పోశారు. అది వింటే 'మట్టివాసన' వస్తోందట.

ఇంతవరకూ నవ్వుకున్నాను. వోచరు దగ్గర నవ్వు రాలేదు. ఒక రోజు కూలీ, దాని కింద ఇంగ్లీషులో సర్వహక్కులూ శాశ్వతంగా ధారపోసే కాగితం, పక్కనే సిరాపెట్టె. కళాకారుడి ప్రదర్శనను వ్యాపారానికి వాడుకుంటే రాయల్టీ ఇవ్వాలని 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి మరీ రాశారు. బయటి శబ్దం చొరకుండా కట్టిన గది కదా, చట్టం కూడా చొరలేదు. వెంట్రుకవాసి ఆలస్యాన్ని పట్టుకునే ఆ కంప్యూటర్‌కు, రేపు ఆ దెబ్బ ఎన్ని పాటల్లో మోగుతుందో లెక్కపెట్టడం మాత్రం చేతకాదట! ముసలాయన ఊపిరిని మురికిలా తుడిచేసి, వేలిముద్ర మాత్రం చెరగకుండా దాచుకున్నారు. సిగ్గు లేదూ?

నెల తిరక్కుండానే మా ఊళ్లో పెళ్లి ఊరేగింపు. డప్పులను పిలవలేదు, డీజే పెట్టెలు తెచ్చారు. అందులో మోగింది అదే దెబ్బ, నేను గుర్తుపట్టాను. అరుగు మీద కూర్చున్న పెద్దాయన చెవి ఒగ్గి విన్నాడు.

"ఎవరో గాని, కాచకుండా కొట్టాడు" అన్నాడు.