స్నేహం కోసం ఇచ్చే సాయానికి షరతులు నిలవవు

2025 మే 9న అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) బోర్డు పాకిస్థాన్‌కు మరో విడత రుణంగా సుమారు 100 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. భారత్ ఓటింగ్‌కు దూరంగా ఉంది. సరిహద్దులో డ్రోన్లు ఎగురుతున్న రోజులు కాబట్టి మన దగ్గర చాలామంది దాన్ని యుద్ధ వార్తగానే చూశారు. కానీ భారత్ లేవనెత్తిన అభ్యంతరాల్లో ఆర్థికమైనదీ ఉంది. 1989 నుంచి 35 ఏళ్లలో 28 ఏళ్లు పాక్‌కు ఐఎంఎఫ్ డబ్బు అందింది. పాత రుణ ప్రోగ్రాములు ఫలించి ఉంటే మళ్లీ చేయి చాచే అవసరం ఎందుకొచ్చింది?

దీనికి జవాబు ఇస్లామాబాద్‌లో సగమే దొరుకుతుంది. మిగతా సగం వాషింగ్టన్‌లో ఉంది.

1979 ఏప్రిల్‌లో అణు కార్యక్రమం కారణంగా అమెరికా అధ్యక్షుడు కార్టర్ ప్రభుత్వం పాక్‌కు సాయం ఆపేసింది. డిసెంబరులో సోవియట్ సేనలు కాబూల్‌లో దిగాయి. కొద్ది వారాలకే అదే కార్టర్ 40 కోట్ల డాలర్లు ఇస్తామన్నారు. పాక్ సైనిక పాలకుడు జియా ఉల్ హక్ వాటిని 'పల్లీలు' అని తీసిపారేశారు (కార్టర్ స్వయానా వేరుశనగ రైతు). జియా లెక్క తప్పలేదు. 1981లో కార్టర్ తర్వాత వచ్చిన రీగన్ ఆరేళ్లకు 320 కోట్ల డాలర్ల ప్యాకేజీ ఇచ్చారు. 1985లో అమెరికా కాంగ్రెస్ ప్రెస్లర్ సవరణ తెచ్చింది. దాని ప్రకారం, పాక్ దగ్గర అణ్వస్త్రం లేదని అమెరికా అధ్యక్షుడు ఏటా ధ్రువీకరిస్తేనే సాయం. అఫ్గాన్ యుద్ధం సాగినంత కాలం ఆ సంతకం పడుతూనే వచ్చింది. 1989 ఫిబ్రవరిలో సోవియట్ సేనలు వెళ్లిపోయాయి. 1990 అక్టోబరుకల్లా సంతకం ఆగిపోయింది. పాక్ డబ్బు కట్టిన ఎఫ్-16 విమానాలు అమెరికాలోనే ఉండిపోయాయి. 2001లో అల్‌ఖైదా దాడుల తర్వాత ఆంక్షలు పోయాయి, సాయం మళ్లీ మొదలైంది.

జియా హయాంలో వృద్ధి ఏటా 6 శాతం దాటింది, అది ఒప్పుకోవాలి. కానీ ఆ మంచి రోజుల్లో పన్నుల పునాది విస్తరించలేదు, అప్పు పేరుకుంది. 1990లలో వృద్ధి చతికిలబడింది. పెద్ద భూస్వాముల వ్యవసాయ ఆదాయంపై మామూలు ఆదాయపు పన్ను స్థాయిలో రేట్లు పెట్టే చట్టాలు అక్కడి ప్రావిన్సులు చేసింది 2024-25లో, అదీ ఐఎంఎఫ్ ఒత్తిడితోనే. వియ్యంకుడికి అప్పిచ్చినవాడు గట్టిగా అడగలేడు, తీసుకున్నవాడికీ ఆ సంగతి తెలుసు.

ఇది పాక్‌కే పరిమితం కాదు. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో తాత్కాలిక సభ్యత్వం దక్కిన దేశాలకు అమెరికా సాయం సగటున 59 శాతం పెరిగిందని పరిశోధకులు కుజిమ్‌కో, వెర్కర్ 2006లో చూపించారు. ఆ సభ్యత్వ కాలంలో ఖరారైన సాయం వృద్ధికి తక్కువగా ఉపయోగపడిందని ఆర్థికవేత్త డ్రెహర్, ఆయన సహచరులు 2018లో తేల్చారు. అయితే అంతకుముందు ప్రపంచ బ్యాంకు ప్రాజెక్టులపై డ్రెహర్ బృందమే చేసిన అధ్యయనంలో ఒక మెలిక ఉంది. రాజకీయ కారణాలున్నంత మాత్రాన ప్రాజెక్టులు చెడిపోలేదు. అప్పటికే అప్పుల్లో చిక్కుకున్న దేశాల్లోనే నాణ్యత దెబ్బతింది. అంటే సాయం అత్యవసరమైన చోటే పక్షపాతం ఎక్కువ నష్టం చేస్తోందన్నమాట.

మరి దక్షిణ కొరియా? అది అమెరికాకు ఇంకా సన్నిహిత దేశం కదా! 1950లలో అక్కడి అధ్యక్షుడు సింగ్‌మన్ రీ తమ కరెన్సీ విలువను కృత్రిమంగా ఎక్కువగా ఉంచి, వీలైనంత సాయం రాబట్టుకున్నారు. ఎగుమతులు నామమాత్రం. 1957 తర్వాత అమెరికా సాయం తగ్గిస్తూ వచ్చింది. ఆ డబ్బు ఎంతోకాలం రాదని అర్థమయ్యాకే, రీ తర్వాత అధికారంలోకి వచ్చిన పార్క్ చుంగ్ హీ ప్రభుత్వం 1964లో కరెన్సీ విలువ తగ్గించి ఎగుమతుల బాట పట్టింది. ఆ ఏడాదే ఎగుమతులు 10 కోట్ల డాలర్లకు చేరాయి. స్నేహం తెగలేదు, అమెరికా సైన్యం అక్కడే ఉంది. డబ్బు తగ్గుతుందన్న మాట మాత్రం నిజమైంది.

ఇప్పుడు మనమూ ఇచ్చేవాళ్ల వరుసలో ఉన్నాం. 2022లో శ్రీలంకకు సుమారు 400 కోట్ల డాలర్ల సాయం చేశాం. తర్వాతి ఏడాది జనవరిలో శ్రీలంక అప్పుల చెల్లింపులో సడలింపు ఇస్తామని ఐఎంఎఫ్‌కు అందరికంటే ముందు హామీ రాసిచ్చి, ఖర్చుల కోత, పన్నుల పెంపు లాంటి కఠినమైన మాటలు దానికే వదిలేశాం. తెలివైన పని. మాల్దీవుల విషయంలో ఆ మాటలు మరొకరికి వదిలేసే వెసులుబాటు లేకపోయింది. 'ఇండియా అవుట్' నినాదంతో గెలిచిన అక్కడి అధ్యక్షుడు ముయిజ్జు ప్రభుత్వానికే 2024 అక్టోబరులో 40 కోట్ల డాలర్ల కరెన్సీ స్వాప్ (తాత్కాలికంగా డాలర్లు అందించే ఏర్పాటు) ఇచ్చాం. ఖర్చులు తగ్గించుకోమని గట్టిగా చెబితే మాలే బీజింగ్ వైపు తిరుగుతుందన్న టెన్షన్ ఢిల్లీకి ఉంటుంది. ఆ భయం తమకు ఎంత విలువైనదో మాలేకీ బాగా తెలుసు.