అతిథులొస్తే మాయమయ్యే పిల్లలు

హైదరాబాద్‌కు ట్రాఫిక్, చెరువులు, డ్రైనేజీ లాంటి చిన్నాచితకా సమస్యలు చాలా ఉన్నాయి. అసలు సమస్య మాత్రం సిగ్నల్ ఎర్రగా మారగానే వచ్చి కారు అద్దం మీద టకటకా కొడుతుంది. దానికి ఎనిమిదేళ్లుంటాయి. చంకలో చెల్లెలు, చేతిలో కారు తుడిచే గుడ్డల కట్ట. "అన్నా, తీస్కోన్నా, పొద్దుగాల్నుంచి బోణీ గాలేదన్నా" అంటుంది. నగర ప్రతిష్ఠకు ఎంత దెబ్బ!

ఈ విషయంలో మన ప్రభుత్వాలు పార్టీలకతీతంగా చూపిన సామర్థ్యాన్ని మెచ్చుకోకుండా ఉండలేం. 2000 మార్చిలో క్లింటన్ వచ్చినప్పుడు అడుక్కునేవాళ్లెవరూ రోడ్ల మీద కనబడకుండా చేశారు. 2017 నవంబరులో ఇవాంకా ట్రంప్ వచ్చారు. ఆ నెలలోనే రెండు నెలలపాటు నగరంలో భిక్షాటన నిషేధమంటూ పోలీసు ఉత్తర్వు వచ్చింది. దొరికినవాళ్లను జైళ్ల ఆవరణలోని ఆనందాశ్రమాలకు తరలించారు. (పేరు పెట్టినవారి హాస్యప్రియత్వానికి ఈ వ్యాసకర్త జోహార్లు.) బిచ్చగాళ్ల ఆచూకీ చెప్పినవారికి జైళ్ల శాఖ రూ.500 బహుమతి ప్రకటించింది. అంతవరకూ రూపాయి బిళ్లకు నోచుకోని మనిషి ధర ఒక్కసారిగా అంత పలకడం మామూలు విషయం కాదు.

ఇంతకీ ఇవాంకా వచ్చింది దేనికి? ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకు. మహిళలకు పెద్దపీట, అందరికీ సంపద అన్నది దాని ఇతివృత్తం. నన్నడిగితే వేదిక మీద కూర్చోబెట్టాల్సింది మన గుడ్డల పిల్లనే. సిగ్నల్ మీద 90 అంకె ఉన్నప్పుడు ఆమె గుడ్డ ధర వంద. 60కి వచ్చేసరికి యాభై. పది సెకన్లుండగా ఇరవై, అదీ రెండు గుడ్డలకు. కారులో పెద్దమనిషి చివరిదాకా బేరమాడి, "చిల్లర లేదమ్మా, ఫోన్‌పే ఉందా?" అని అద్దం ఎత్తేస్తాడు. ఆమె డివైడర్ ఎక్కి, జారిపోతున్న చెల్లెల్ని పైకి లాక్కుని, మళ్లీ ఎర్రలైటు ఎప్పుడు పడుతుందా అని చూస్తుంది. ఇంత ఓర్పున్న స్టార్టప్‌కు పెట్టుబడి పెట్టేవాడే దొరకలేదు.

"ఇదంతా మాఫియా అండీ, వీళ్లకు నెలకు లక్షల్లో వస్తుంది" అని చెప్పేవాళ్లు ప్రతి ఏసీ కారులోనూ ఒకరుంటారు. లక్షలొచ్చే వ్యాపారమని తెలిసీ తమ పిల్లల్ని కోచింగ్ సెంటర్లకు పంపుతున్న వీరి త్యాగం గొప్పది. పిల్లల చేత అడుక్కునే పని చేయిస్తే ఐదేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా అని 2015 బాల న్యాయ చట్టం 76వ సెక్షన్ చెబుతోంది. మాఫియా గురించి అంత వివరంగా తెలిసినవారు ఫోన్ తీసి బాలల హెల్ప్‌లైన్ 1098 కొట్టొచ్చు. కొట్టరు, గ్రీన్ లైట్ పడిపోతుంది కదా.

మాఫియా లేదనను. కానీ పని వెతుక్కుంటూ పాలమూరు నుంచో, రాజస్థాన్ నుంచో వచ్చి ఫ్లైఓవర్ కింద సర్దుకున్న కుటుంబంలో మాఫియా ఎవరంటే, పొద్దున్నే లేబర్ అడ్డా మీద నిలబడి, ఎవరూ పిలవక మధ్యాహ్నానికి తిరిగొచ్చే తండ్రి. ఆ రోజు బియ్యం గుడ్డల కట్ట మీదే ఆధారం.

చట్టాలకేం లోటు లేదు. ఆరు నుంచి పద్నాలుగేళ్ల వరకు ఉచిత నిర్బంధ విద్య 2010 నుంచి హక్కు. బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించి, బడి అయ్యాక కుటుంబ వ్యాపారంలో సాయం చేయొచ్చని వెసులుబాటు ఇచ్చారు. ఫుట్‌పాత్ మీద కుటుంబం ఉంది, వ్యాపారమూ ఉంది. బడి ఒక్కటే తక్కువైంది.

ఇక జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్. ఆ రెండు నెలలూ పిల్లల్ని వెతికి పట్టుకుని, బాలల సంక్షేమ కమిటీ ముందు పెట్టి, ఇంతమందిని కాపాడామని లెక్క చెబుతారు. తల్లిదండ్రులొచ్చి, ఇకపై పనికి పంపమని రాసిచ్చి తీసుకెళ్తారు. ఎక్కడికి? ఫ్లైఓవర్ కిందికే. అడ్డా మీద పని దొరికిందా అని అడిగే కాలమ్ ఆ కాగితంలో ఉన్నా బాగుండేది. పోనీ, ఆర్నెల్ల తర్వాత మళ్లీ కాపాడుకోవచ్చు.

దేశంలో ఐదు నుంచి పద్నాలుగేళ్ల లోపు పని చేసే పిల్లలు 1.01 కోట్లని 2011 జనాభా లెక్కలు చెప్పాయి. మళ్లీ లెక్కపెట్టలేదు కాబట్టి ఇప్పటికీ అంతే అనుకుని నిశ్చింతగా ఉన్నాం. కొత్త లెక్కలకు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ. ఇల్లు లేనివారిని కిందటిసారి ఫిబ్రవరి 28 రాత్రి, వాళ్లు పడుకున్న చోటికే వెళ్లి రాసుకున్నారు. అధికారులకు ఒక్కటే మనవి. ఆ వారం నగరంలో అంతర్జాతీయ సదస్సులేవీ పెట్టుకోకండి.