ఖద్దామా వీసా మీద వెళ్లిన అమ్మలు

రాజంపేట, రైల్వే కోడూరు, రాయచోటి వైపు ఏ ఊరికి పోయినా కువైట్ డబ్బులతో కట్టిన ఇళ్లు ఒకట్రెండు కనపడతాయి, పెద్ద గేటు, మెరిసే టైల్స్, లోపల మాత్రం ఒక అవ్వ, ఇద్దరు పిల్లలు. ఆ ఇల్లు కట్టించినావిడ అందులో పడుకున్న రోజులు అన్నీ కలిపినా నాలుగు నెలలు దాటవు.

పనికి పోయిన కువైట్‌లో ఆమెని ఖద్దామా అంటారు, అంటే ఇంటిపని మనిషి. ఇక్కడ మనం త్యాగమూర్తి అంటాం. నాకైతే ఈ రెండో మాటే ఎక్కువ చిరాకు, ఒకసారి త్యాగం అనేశాక జీతమెంత, సెలవుందా, పాస్‌పోర్ట్ ఎవరి దగ్గరుంది అని ఇంకెవ్వరూ అడగరు కదా.

అడగాల్సింది అదే మరి. కువైట్ 2015లో ఇంటిపనివాళ్ల కోసం ప్రత్యేకంగా చట్టం చేసింది: రోజుకి 12 గంటలకి మించి పని చేయించకూడదు, వారానికో సెలవు ఇవ్వాలి, పాస్‌పోర్ట్ లాక్కోకూడదు. మరుసటేడు కనీస జీతం నెలకి 60 దినార్లు అన్నారు, ఇప్పటి లెక్కన పదిహేడు వేల రూపాయల పైనే. కాయితం మీద బానే ఉంది, కానీ ఆమె ఇకామా, అంటే అక్కడ ఉండే పర్మిట్, కఫీల్ చేతిలో, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని చేతిలో ఉంటుంది, కొట్టారనో జీతం ఇవ్వలేదనో గడప దాటిందంటే పరారీ కేసు పెట్టేస్తారు, ఇంక చట్టం ఎవరికి చెప్పుకోవాలి?

మన దేశం వైపు రూలూ అంతే. ఈసీఆర్ పాస్‌పోర్ట్ (పెద్దగా చదువుకోని వాళ్లకి ఇచ్చేది, గల్ఫ్‌లాంటి చోట్లకి పనికి పోవాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి) ఉన్న ఆడవాళ్లు 30 ఏళ్లు నిండితేనే, అదీ ప్రభుత్వ ఏజెన్సీల ద్వారానే ఇంటిపనికి వెళ్లాలి. మంచికే పెట్టారు, కాదనను. కానీ బోరు ఎండిపోయి, నూటికి మూడు వడ్డీకి తెచ్చిన అప్పు నెత్తి మీద కూర్చున్నప్పుడు పాతికేళ్ల పిల్ల ఇంకో ఐదేళ్లు ఆగుతుందా? సబ్ ఏజెంట్ విజిట్ వీసా మీద విమానం ఎక్కించేస్తాడు, గవర్నమెంట్ లెక్కల్లో ఆమె టూరిస్టు, రేపు ఏదైనా అయితే పనికి పోయినట్టు రుజువు కూడా ఉండదు. అడ్డుకోవడం కంటే సరైన కాంట్రాక్ట్‌తో పంపడం మీద శ్రద్ధ పెట్టుంటే బాగుండేది.

మాకు తెలిసినావిడ ఒకామె పోయిన ఏడాది కార్గో బాక్స్ పంపింది, నిడో పాలపొడి, టాంగ్, యాక్స్ ఆయిల్, సబ్బులు, అడుగున పిల్లోడికి షూస్. వాడి కాలు ఆమె చూసినప్పటి సైజులోనే కొన్నది పాపం, మడమ కూడా పట్టలేదు. శుక్రవారం వీడియో కాల్‌లో సరిపోయినాయా అని అడిగితే అవ్వ ఫోన్ పిల్లోడి ముఖం దాకానే పెట్టి, కిందికి దించకుండా, "బాగుండాయి మ్మా, నువ్వు అన్నం తిన్న్యావా?" అంది. ఆమె తిన్నా అని, "ఇంగ రెండేండ్లే మ్మా" అంది. పోయినసారి ఫోన్లోనూ రెండేళ్లనే చెప్పింది.