మాగ్నం దొరకు ఓరుగల్లు దరఖాస్తు

అమెరికా వేట రైఫిళ్లల్ల వాడే పెద్ద తూటావు, .300 విన్‌చెస్టర్ మాగ్నం దొరా, నీ కాల్మొక్తం.

1963ల పుట్టినవ్, అప్పటి సంది నీ దర్పానికి తక్కువ లేదు. హనుమకొండ, కాజీపేట పోరగాళ్లు డాలస్‌లనో ఆస్టిన్‌లనో కొలువు జేసుకుంట, వేట లైసెన్సు తీసుకొని తుపాకుల దుకాణంల అడుగువెడితే చాలు, అల్మారా మీదికెల్లి ముందు నువ్వే కనవడ్తవ్. ఈడ ఏటూరునాగారం అభయారణ్యంల దుప్పిని కొడితే మూడేండ్లకు తక్కువ గాకుండ ఏడేండ్ల దాక జైలు. ఉండాల్సిందే. అదే చుక్కల దుప్పిని 1932ల టెక్సాస్‌కు తీస్కపోయిన్రు. ఆడ దాన్ని ఆక్సిస్ అంటరు, ఏడాది పొడుగూత వేటాడొచ్చు. కాబట్టి ఈ దరఖాస్తుల లెక్కలన్నీ ఆడివే.

దొరా, దుప్పి ఎంతుంటది? మంచి మగది ఎనభై తొంభై కిలోలు. చెట్ల నడుమ చాలాసార్లు నూరు, నూటయాభై గజాల మీదనే దొరుకుతది. దానికి నువ్వు డెబ్బై గ్రెయిన్లకు (మందు, గుండు తూచే చిన్న తూకం) పైగా తుపాకిమందు కాలుస్తవ్. నీకన్న చిన్న తూటా .308 నలభై అయిదు గ్రెయిన్ల చుట్టుపక్కల్నే పని కానిస్తది. నీ మొనకుండి ఎగిరిపోయే గుండు 180 గ్రెయిన్లు, అంటే పాత లెక్కల సరిగ్గ తులం. ఆ తులానికి ఏమొచ్చింది? రెండు తుపాకులను 200 గజాలకు సరిచేసి 300 గజాల కాడ చూస్తే, .308ల 150 గ్రెయిన్ల గుండు ఎనిమిదించుల మీద కొంచెం దిగుతది, నీది ఏడు దగ్గర. ఆ ఇంచున్నర కోసం భుజం మీద దెబ్బ మాత్రం ఒకటిన్నర రెట్లకు పైనే.

మళ్ల అడుగున ఆ ఇత్తడి వడ్డాణం ఒకటి! 1925 నాటి .300 హాలండ్ అండ్ హాలండ్ తూటాకు భుజాలు (ఇత్తడి డొల్ల మెడ కాడ సన్నబడే జాగ) జారుడుగ ఉండె, తుపాకి గదిల తూటా సరైన లోతుల ఆగాలంటే దానికి ఆ పట్టీ కావాలె. నీ భుజం నిటారుగనే ఉన్నది గదా, నీకెందుకు? పైగా తూటాలు ఇంట్ల మళ్ల నింపుకునేటోళ్లు ఆ పట్టీనే నమ్ముకొని భుజాన్ని మరీ ఎనుకకు నొక్కితే, నాలుగుసార్లు కాల్చంగనే పట్టీకి జర పైన ఇత్తడి సాగి పగులుతది.

ఇగ బెదురు సంగతి. పోరగాడు నిన్ను కొన్నంక, మ్యాగజైన్‌ల తూటాలు వేరేటోళ్లతోటి నింపియ్యాలె, నడుమల ఒక ఉత్త తూటా (పేలనిది) కల్పి, ఎన్నోదో చెప్పకుండ. దాని వంతు రాంగనే "టిక్" మంటది, తుపాకి కదలొద్దు. నీ దెబ్బ తిన్న భుజమైతే గొట్టం మూతి కిందికి గుంజుతది, కండ్లు మూసుకుంటయ్. దుప్పి ముందుకాలు ఎనుక గుండె, ఊపిరితిత్తులు ఉండే జాగ ఎనిమిదించుల చక్రమంత. బెదిరిన చెయ్యి దాన్ని దాటి కడుపుల కొడ్తది. కడుపుల తాకిన దుప్పి మాగ్నం అని మర్యాద ఇయ్యదు, చిన్న తూటా .243 తాకినట్టే గంటలకొద్ది ఉరుకుతది. ఊపిరితిత్తులల్ల సక్కగ తాకినా యాభై, నూరు గజాలు పోవుడు మామూలే. నిలబడ్డకాన్నే కూలగొడ్తనని చెప్పుకునే నీ ప్రచారాన్ని జర తగ్గియ్యి.

అసలు పని చేసేది గుండు. దాన్ని ఎవ్వడూ అడగడు, పెట్టె మీద నీ పేరు జూసి కొంటడు. మామూలు సాఫ్ట్ పాయింట్ అంటే రాగి తొడుగు, మొన కాడ సీసం బయటికి. సెకనుకు 1,800 అడుగుల మీద వేగముంటే విచ్చుకొని రెండింతల వెడల్పు దాక అయితది. .308కు అది చాలు. నీ నుంచి పల్చటి తొడుగు 150 గ్రెయిన్ల గుండు నలభై గజాల కాడ 3,000 అడుగుల పైన పోయి జబ్బ బొక్కకు తాకితే అక్కన్నే పగులుతది. పైన పెద్ద బొంద, లోపల ఊపిరితిత్తులకు ఏం గాదు, జబ్బ మాంసం మొత్తం నెత్తురు గడ్డకట్టి పారేసుడే. అందుకని నీకు సీసాన్ని తొడుగుకు అతికించిన బాండెడ్ గుండో, మొత్తం రాగి గుండో కావాలె. ఎక్కువ పైసలు పెట్టి వేగం కొనుడు, ఆ వేగానికి తట్టుకునేటందుకు మళ్ల పైసలు పెట్టుడు! రాగి గుండుతోటి మాంసంల సీసం ముక్కలు ఉండవ్. కాలిఫోర్నియాల 2019 జులై నుంచి వేటకు సీసం లేని గుండ్లే వాడాలె. రాగి తేలిక కాబట్టి ఒక మెట్టు తక్కువ బరువు తీసుకోవాలె, విచ్చుకునేటందుకు వేగం జర ఎక్కువ కావాలె. మిలిటరీ తీరు పూర్తి తొడుగు గుండు మాత్రం ముట్టొద్దు. విచ్చుకోదు, సన్న రంధ్రం జేసి అవుతలికి పోతది, నెత్తురు జాడ దొరకది. చాలా రాష్ట్రాలల్ల దుప్పి మీద దానికి అనుమతే లేదు.

గుండు బరువు లెక్కల పెద్ద పెద్ద కంపెనీలే బోర్లవడ్డయ్. 1955ల .243 విన్‌చెస్టర్ తోటి పాటే .244 రెమింగ్టన్ వచ్చింది. దాని గొట్టంల గుండును తిప్పే మెలిక పన్నెండించులకు ఒక చుట్టు, అంత నిదానం మెలికకు బరువు గుండు నిలకడగ పోదని గుండ్లు 90 గ్రెయిన్లకే ఆపిన్రు. దుప్పి వేటగాళ్లేమో 100 గ్రెయిన్లు ఇచ్చిన .243 దిక్కు పోయిన్రు.

నీ మీద పగ లేదు దొరా. కొలరాడోల మూడు వందల కిలోల ఎల్క్ (పెద్ద జాతి జింక) మీదికి పో, ఎవ్వడూ వద్దనడు. దుప్పి కోసం వచ్చినోన్ని మాత్రం .308 దిక్కో, 7ఎంఎం-08 అనే తూటా దిక్కో తోలు, సన్న భుజమైతే 100 గ్రెయిన్ల .243. రెండు మూడు రకాల సాఫ్ట్ పాయింట్ పెట్టెలు తెచ్చి వాని తుపాకి ఏది దగ్గర దగ్గర వేస్తదో సూసుకోనియ్యి. మిగిలిన పైసలతోటి బల్ల మీద కాదు, కూసోని, మోకాలు మీద ఆనించి కాల్చుడు నేర్చుకుంటడు.

ఇట్లు,
కుడి భుజాలు కమిలిన ఓరుగల్లు పోరగాళ్ల తరఫున