రాయి సరే, నీళ్లెక్కడివి?

ఐస్‌లాండ్‌లో బొగ్గుపులుసు వాయువును (కార్బన్ డయాక్సైడ్‌ను) రాయిగా మార్చేస్తున్నారు, దక్కన్‌లోనూ అదే నల్లరాయి (బసాల్ట్) ఉంది కాబట్టి మనమూ చేసేయొచ్చని ఈమధ్య చదివిన ఒక వ్యాసంలో రాశారు. సగం వరకు నిజమే.

ఐస్‌లాండ్‌లోని హెల్లిషేడి దగ్గర కార్బ్‌ఫిక్స్ అనే ప్రాజెక్టు వాళ్లు గ్యాస్‌ను నీళ్లలో కరిగించి, సోడాలాంటి ఆ నీటిని బసాల్ట్‌లోకి పంపుతారు. పులుపెక్కిన నీరు రాతిలోంచి కాల్షియం, మెగ్నీషియం, ఇనుమును కరిగిస్తుంది. నీటిలోని గ్యాస్ వాటితో కలిసి కార్బొనేట్ ఖనిజంగా, అంటే రాయిగా గట్టిపడుతుంది. 2012లో పంపిన దాంట్లో 95 శాతానికి పైగా రెండేళ్లలోపే రాయైందని 2016లో ప్రకటించారు. నాకు బాగా నచ్చిన సాక్ష్యం వేరే ఉంది. పరిశీలన బావిలో పంపు ఆగిపోతే పైకి తీసి చూశారు, దాని నిండా కాల్సైట్ (కాల్షియం కార్బొనేట్ ఖనిజం) పేరుకుపోయి ఉంది! మన బోరు మోటార్లకు పట్టే సున్నం గుర్తొచ్చింది.

అసలు చిక్కు నీళ్లతోనే. ఈ పద్ధతిలో టన్ను గ్యాస్‌కు దాదాపు 25 టన్నుల నీరు కావాలి. అంటే పది లక్షల టన్నులకు సుమారు 0.9 టీఎంసీ. అక్కడ భూతాప విద్యుత్ కేంద్రం వాడేసిన నీరే ఉంది, ఎలాగూ భూమిలోకి తిరిగి పంపాల్సిందే. వికారాబాద్, ఆదిలాబాద్ వైపు బసాల్ట్ ఉంది కానీ అన్ని నీళ్లు ఎవరిస్తారండీ? ఒక్క టీఎంసీ కోసం రెండు రాష్ట్రాలు కొట్టుకుంటున్నాయి.

సముద్రపు నీటితోనూ పరిశోధనలు జరుగుతున్నాయి. వ్యాసకర్త ఈసారి వాటి గురించి రాస్తే బాగుంటుంది.