దెబ్బలకు పరిహారం కోరు విధానము

పోలీసులు మితిమీరి కొడితే ప్రభుత్వంపై నష్టపరిహారం దావా వేయడం పౌరుడి హక్కు. ఈ హక్కును మన కర్నూలు వాళ్లు సద్వినియోగం చేసుకోకుండా, స్టేషన్‌లో నాలుగు తిని వచ్చి, పసుపూ సున్నమూ పట్టించుకుని, 'వాళ్లతో మనకెందుకులే' అంటూ పడుకుంటున్నారు. అది బొత్తిగా చట్టం తెలియని తనం.

అరెస్టయిన మనిషి పారిపోకుండా ఆపడానికి ఎంత అవసరమో అంతకు మించి అతన్ని కట్టడి చేయరాదని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 49వ సెక్షన్‌లో ఉంది, దాని స్థానంలో వచ్చిన కొత్త భారతీయ నాగరిక సురక్షా సంహితలో అదే 46వ సెక్షన్ అయింది. ఆ అవసరాన్ని కొలిచే పనిని మాత్రం లాఠీ పట్టిన చేతికే వదిలేయడం ఆనవాయితీ.

దావాకు మొదట కావలసింది వుండ్ సర్టిఫికెట్, అంటే గాయాలపై డాక్టరిచ్చే ధ్రువపత్రం. క్షతగాత్రుణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేది కూడా పోలీసులే కావడం వాదికి పెద్ద సౌకర్యం. దెబ్బలెలా తగిలాయని డాక్టరు అడిగినప్పుడు, జవాబు బాగా తెలిసిన మనిషి పక్కనే నిలబడి ఉంటాడు. రాయలసీమలో నీటి ఎద్దడి ఉందంటే నమ్మకండి, నిందితులు జారిపడేటన్ని నీళ్లు మన స్టేషన్ల బాత్‌రూముల్లో ఏ ఎండాకాలమైనా ఉంటాయి. ప్రతి స్టేషన్‌లో సీసీ కెమెరాలు పెట్టి రికార్డింగును 18 నెలలు దాచాలని సుప్రీంకోర్టు 2020లో ఆదేశించింది గనుక గోడకు కెమెరా కూడా ఉండవచ్చు. అది పనిచేస్తోందా అని అడగడం వచ్చినవాడికి మర్యాద కాదు.

తర్వాత సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద ప్రభుత్వానికి నోటీసు పంపి రెండు నెలలు ఆగాలి. కాలు వాపు తగ్గడానికి కూడా దాదాపు అంతే పడుతుంది కాబట్టి ఇందులో నష్టమేమీ లేదు.

ఇక ఫలితం సంగతి. 1965లో కస్తూరి లాల్ కేసులో, పోలీసులు పట్టుకున్న బంగారంతో హెడ్ కానిస్టేబుల్ పాకిస్తాన్‌కు పారిపోయినా ప్రభుత్వం బాధ్యురాలు కాదని సుప్రీంకోర్టు తేల్చింది. అరెస్టు, జప్తు వంటివి సార్వభౌమాధికారపు పనులట. ఆ అడ్డుగోడను కదిలించిన ఘనత మన కోవెలకుంట్లది. 1977 మే నెలలో ఒక తెల్లవారుజామున అక్కడి సబ్‌జైలు గదిలోకి బాంబులు విసిరితే ఒక రిమాండు ఖైదీ చనిపోయాడు, అతని కొడుకు గాయాలతో బయటపడ్డాడు. అది లాఠీదెబ్బ కేసు కాదు, కాపలాలో నిర్లక్ష్యం కేసు. అయినా ముద్దాయి స్థానంలో నిలబడింది అదే ప్రభుత్వం. కుటుంబం 10 లక్షలకు దావా వేసింది, గడువు దాటిందని కింది కోర్టు కొట్టేసింది, హైకోర్టు 1,44,000 రూపాయలు, వడ్డీ ఇమ్మంది, ప్రభుత్వం వెనక్కి తగ్గకుండా సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2000లో ఓడింది. ఖైదీకీ జీవించే హక్కుంటుందనీ, దాని ముందు సార్వభౌమాధికారం వాదన చెల్లదనీ స్థిరపడటానికి 23 ఏళ్లు పట్టింది. మధ్యలో దేశానికి ఎందరు ప్రధానులు మారారో వాది తరపువారు వాయిదాలతో పాటు లెక్కపెట్టుకుని ఉంటారు.

అంత ఓపిక లేనివారికి రిట్ ఉంది, అంటే హక్కుల కోసం నేరుగా హైకోర్టులోనో సుప్రీంకోర్టులోనో వేసే పిటిషన్. ఒడిశాలో పోలీసుల చేతుల్లోంచి రైలు పట్టాల మీదికి శవమై చేరిన యువకుడు, కట్టిన తాడును పళ్లతో కొరికి పారిపోయాడని వారు చెప్పారు. తల్లి రాసిన ఉత్తరాన్నే రిట్‌గా తీసుకున్న సుప్రీంకోర్టు ఆ పళ్ల బలాన్ని నమ్మక, 1993లో లక్షా యాభై వేలు ఇప్పించింది. ఇలాంటి సొమ్ము ఖజానా నుంచే వస్తుంది కాబట్టి, దెబ్బలు తిన్నవాడు అగ్గిపెట్టె కొన్నప్పుడు కట్టిన పన్ను కూడా అందులో ఉంటుంది.

దావా వేయదలచినవారు ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌ కాగితాలు కూడా సిద్ధం చేసుకోవడం మంచిది, డిక్రీ సొమ్ము తీసుకునే నాటికి వారసులకు అది అవసరం పడవచ్చు. అయితే తహశీల్దారు కార్యాలయంలో ముందుగా మరణ ధ్రువీకరణ పత్రం అడుగుతారు గనుక, ఈ ఒక్క విషయంలో వాది స్వయంగా తొందరపడి ప్రయోజనం లేదు.