‘రాజకీయాలు మాట్లాడరాదు’ బోర్డు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘ఇచ్చట రాజకీయాలు మాట్లాడరాదు’ బోర్డు గారి సముఖానికి, తెనాలిలో రోజూ మీ కిందే కూర్చుని టీ తాగే ఖాతాదారుడొకడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. మీ పక్కన వేలాడే ‘అరువు రేపు’ బోర్డు గారిని కూడా అడిగినట్టు చెప్పండి.

ఆయన్ని చూస్తే నాకు ముచ్చటేస్తుంది. అరువు అడిగేవాడు ఇవాళ్టికీ కాస్త గొంతు తగ్గించి, అటూ ఇటూ చూసి మరీ అడుగుతాడు. ఆయనంటే జనానికి కొంచెం భయం, కొంచెం సిగ్గు మిగిలున్నాయి. మీకా అదృష్టం లేదు. పొద్దున్నే మొదటి గ్లాసు చల్లారకముందే పేపరు మూడు ముక్కలవుతుంది. మెయిన్ పేజీ ఒకరికి, జిల్లా ఎడిషన్ ఒకరికి, సినిమా పేజీ ఒకరికి. మెయిన్ పేజీ దక్కిన పెద్దాయన మీకు వీపు ఆనించి కూర్చుని, “చూశారటండీ వీడి వేషాలు” అని మొదలుపెడతాడు. ‘వీడు’ ఎవరని ఎవరూ అడగరు. ఎవరి ‘వీడు’ వాళ్లకున్నాడు.

మిమ్మల్ని గోడకు కొట్టించిన యజమాని బాధ నాకు తెలియనిది కాదు. సింగిల్ టీ చెప్పి గంటన్నర కూర్చునే నలుగురి వల్ల బల్ల ఖాళీ కాదు. వాదన ముదిరితే గ్లాసు పగులుతుంది. గ్లాసు పోతే పోయింది, అలిగినవాడు ఎదుటి కొట్టుకు మారిపోతాడు, పోతూ పోతూ తన పార్టీ వాళ్లను నలుగుర్ని వెంటబెట్టుకుపోతాడు. ప్రభుత్వానికి మెజారిటీ ఉంటే చాలు గానీ, టీ కొట్టుకు అన్ని పార్టీలూ కావాలి. ఇంతవరకూ నేను మీ పక్షమే.

నా ఫిర్యాదల్లా, ఏది రాజకీయమో ఏది కాదో మీరెలా తేలుస్తున్నారన్న దాని మీద.

“కాలవకి నీళ్లొచ్చాయా?” అని ఒకాయన అడిగాడు. మీరు పట్టించుకోలేదు. “ఇంకా రాలా” అన్నాడు ఇంకొకాయన. అప్పుడూ మీరు ఊరుకున్నారు. “ఎందుకు రాలేదంటారూ?” అని మూడో ఆయన అన్నాడో లేదో, గల్లాపెట్టె దగ్గర్నుంచి యజమాని గొంతు సవరించుకుని మీ వైపు వేలు చూపించాడు. ధాన్యం బస్తా ఎంతకు పోయిందో ఎంతసేపైనా చెప్పుకోవచ్చు, ఆ డబ్బులు ఖాతాలో ఎందుకు పడలేదని అడక్కూడదు. అమరావతిలో గజం ఎంత పలుకుతోందన్నది వ్యాపారం, గంటసేపు మాట్లాడినా మీకు అభ్యంతరం లేదు. 2019 తర్వాత ఆ రేటు ఎందుకు పడింది, 2024 తర్వాత ఎందుకు లేచింది అంటే మాత్రం మీకు కోపమొస్తుంది. రేటు దానంతటదే పడి, దానంతటదే లేచిందని ఒప్పుకుంటేనే ఇక్కడ రెండో టీ దొరుకుతుంది.

మీకు సరిగ్గా ఎదురుగా, రోడ్డవతల, కరెంటు స్తంభాన్ని కూడా మింగేసి ఒక ఫ్లెక్సీ ఉంది. అందులో ఒక పెద్ద తలకాయ, దాని చుట్టూ నలభై చిన్న తలకాయలు, కింద ‘జన్మదిన శుభాకాంక్షలు’. అది రాజకీయం కాదట, అభిమానమట. గల్లాపెట్టె వెనక క్యాలెండర్‌లో వేంకటేశ్వరస్వామి బొమ్మ ఓ మూల ఉంటే, నాయకుడి బొమ్మ నడిమధ్యన ఉంటుంది. అదీ రాజకీయం కాదు, తేదీలు చూసుకోడానికి. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు ఊళ్లో విగ్రహాలకు గుడ్డలు చుడతారు చూడండి, అప్పుడు కూడా ఆ క్యాలెండర్ నిక్షేపంగా నవ్వుతూనే ఉంటుంది. నాయకుణ్ణి మొక్కితే ఆచారం, నిలదీస్తే రాజకీయం. మీ రూలు ఇదే అయితే ఇదేనని పెయింటుతో రాయించండి, గోడ మీద చోటుంది.

ఇంతకీ మీరు వేలాడుతున్నది ఏ ఊళ్లోనో మీకెవరైనా చెప్పారా? 1942 ఆగస్టు 12న, క్విట్ ఇండియా అంటూ ఊరేగింపుగా వచ్చిన జనం మీద ఇక్కడ పోలీసులు కాల్పులు జరిపారు. ఏడుగురు చనిపోయారు. వాళ్ల స్మారకం ఉన్న చోటునే రణరంగ చౌక్ అంటున్నాం. ఆటోవాళ్లు “చౌక్, చౌక్” అని అరిచేది ఆ ఏడుగురి పేరే. ఈ ఊరి మున్సిపల్ చైర్మన్‌గిరీ చేసినవారిలో కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి గారు ఒకరు. పద్యమూ ఆయనదే, హేతువాదమూ ఆయనదే, మున్సిపాలిటీ కుర్చీ కూడా కొన్నాళ్లు ఆయనదే. ఆ మనిషి ఇవాళ వచ్చి రెండో బల్ల మీద కూర్చుంటే మీరేం చేస్తారు? పద్యం చదివినంతసేపూ కూర్చోనిచ్చి, డ్రైనేజీ మాట ఎత్తగానే లేవమంటారా?

మీ వంశం పాతదేనని ఒప్పుకుంటాను. ఇంగ్లండును ఏలిన రెండో చార్లెస్ మీకు పెద్ద తాతగారు అవుతారు. కాఫీ హౌసుల్లో కూర్చుని జనం తన గురించి లేనిపోనివి చెప్పుకుంటున్నారని 1675 డిసెంబరు 29న ఆయన ఒక ప్రకటన చేయించాడు. జనవరి 10 నుంచి అవన్నీ మూసెయ్యాలన్నాడు. గగ్గోలు లేచింది. ఆ గడువు రాకముందే, జనవరి 8న, రాజుగారే వెనక్కి తగ్గాడు. కాఫీ ముందు కిరీటం పది రోజులకు మించి నిలబడలేదు. మన ఢిల్లీ వాళ్లు ఆ పొరపాటు చేయలేదు. ఎమర్జెన్సీ రోజుల్లో కన్నాట్ ప్లేస్‌లోని ఇండియన్ కాఫీ హౌస్‌ను ఏకంగా కూలగొట్టేశారు. సర్కారును తిట్టేవాళ్లంతా అక్కడే చేరతారని దానికి పేరుండేది. ఇటుకలు పోయాయి. తిట్లు పక్క సందులోకి మారాయి.

పోనీ, మాట్లాడనిస్తే కొంపలేమైనా అంటుకుంటాయా అంటే అదీ లేదు. 1977 లోక్‌సభ ఎన్నికల్లో ఉత్తరాది అంతా కాంగ్రెస్‌ను ఊడ్చేస్తే, మనవాళ్లు 42 సీట్లలో 41 అదే కాంగ్రెస్‌కు ఇచ్చారు. మిగిలిన ఒక్కటీ నంద్యాలలో నీలం సంజీవరెడ్డి గారిది. ఇక 1984 సంగతి ఈ బల్లల మీద ఇప్పటికీ నడుస్తోంది. ఆగస్టు 16న ఎన్టీఆర్‌ను దించేసి నాదెండ్ల భాస్కరరావును కూర్చోబెట్టారు. ఎమ్మెల్యేలను కర్ణాటకకు తీసుకెళ్లి దాచారు. నెల తిరిగి, సెప్టెంబరు 16న మళ్లీ ఎన్టీఆరే ముఖ్యమంత్రి. ఆ నెల రోజులూ అటెన్ని తలకాయలు, ఇటెన్ని తలకాయలు అన్న లెక్క గవర్నర్ కంటే టీ కొట్టువాళ్లే జాగ్రత్తగా పెట్టారని పెద్దవాళ్లు చెబుతారు. నాదెండ్ల మన చుట్టుపక్కల మనిషే కావడంతో, నలభై ఏళ్లు దాటినా ఆ కేసు మీద ఇక్కడ తుది తీర్పు రాలేదు. మొన్న కూడా వాయిదా పడింది, వర్షం వల్ల.

మీ బాధ నాకు బాగా అర్థమయ్యేది సినిమా పేజీ దగ్గర. “రాజకీయాలు వద్దండీ, సినిమా కబుర్లు చెప్పుకోండి” అంటాడు యజమాని. ఏ రాష్ట్రంలో ఈ మాట చెల్లుతుందో గానీ మన దగ్గర చెల్లదు. 1982 మార్చి 29న పార్టీ పెట్టి, తొమ్మిది నెలలు తిరిగేసరికి ముఖ్యమంత్రి అయినాయన సినిమా కిందికి వస్తారా, రాజకీయం కిందికా? 2008లో చిరంజీవి ప్రజారాజ్యం పెట్టారు, 2014లో పవన్ కల్యాణ్ జనసేన పెట్టారు, 2024లో ఉప ముఖ్యమంత్రి అయ్యారు. కొత్త సినిమా బాగుందని ఒకడంటే అది ఓటు, బాలేదంటే అది కుట్ర. 2021లో అప్పటి ప్రభుత్వం టిక్కెట్లకు రేట్లు కట్టి, పంచాయతీల్లో ఏసీ లేని హాళ్లలో అట్టడుగు క్లాసు 5 రూపాయలన్నప్పుడు ఇక్కడ జరిగిన గొడవ మీకు గుర్తుండే ఉంటుంది. సినిమా గురించి మాట్లాడినవాళ్లకు జీవో నంబర్లు, రాజకీయం మాట్లాడినవాళ్లకు కలెక్షన్ లెక్కలు నోటికొచ్చాయి. మీరు ఎవర్ని ఆపాలో తెలియక అలా వేలాడుతూ ఉండిపోయారు.

మీరు రాయని రూళ్లు ఇంకా ఉన్నాయి, అవి మాత్రం తుచ తప్పకుండా నడుస్తాయి. కొత్తవాడు వచ్చాడనుకోండి. నేరుగా వచ్చి బల్ల మీద కూర్చోకూడదు. కొన్నాళ్లు గ్లాసు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడాలి. పెద్దాయన ఏదైనా అన్నప్పుడు, ఎటూ తేలకుండా “అంతే కదండీ” అనాలి. అలా అనగా అనగా ఓ రోజు ఎవరో కాస్త జరిగి చోటిస్తారు. చోటిచ్చాక మొదటి ప్రశ్న: “ఏ ఊరు బాబూ మీది?” రెండోది: “ఎవరబ్బాయివి?” మూడోది: “ఇంటిపేరూ?” ఆ మూడూ చెప్పేసరికి అతని పార్టీ, అతను చూసే హీరో, చదివే పేపరు అన్నీ తేల్చేస్తారు. తేలింది నిజం కానక్కర్లేదు, తేలితే చాలు. పాపం అతను పార్టీల మాటే ఎత్తలేదు. మన జిల్లాలో ఇంటిపేరు అడగడం కంటే పెద్ద రాజకీయం ఇంకోటి లేదు. అది మీ కింద, మీ సాక్షిగా, రోజూ జరుగుతుంది. దానికి మీరు పెట్టిన పేరు మర్యాద.

ఇంటిపేరు ఒకటే అయిన ఇద్దరు వేర్వేరు పార్టీల్లో తేలినప్పుడు మాత్రం చూసి తీరాలి. ఆ రోజు టీ బిల్లు ఎవరూ ఇవ్వరు.

ఆడవాళ్ల సంగతికొస్తే మీకు అసలు పనే లేదు. మన రాష్ట్ర ఓటర్ల జాబితాలో మగవాళ్ల కంటే ఆడవాళ్లే ఎక్కువ. ఈ బల్లల మీద మాత్రం ఒక్కరూ కనపడరు. వెనక తొట్టి దగ్గర గ్లాసులు కడిగే ఆవిడ అన్ని పార్టీల వాదనలూ ఏళ్ల తరబడి వింటోంది. “పిన్నీ, నువ్వెవరికి వేశావు?” అని ఎవరో సరదాకు అడిగితే, “మీ లెక్కలు తేలాక చెబుతాలే గానీ ఆ గ్లాసులిటు పడెయ్యండి” అంది. ఈ హోటల్లో మిమ్మల్ని పాటించే మనిషి ఆవిడొక్కతే. పైగా ఆవిడకు చదువు రాదు.

ఎన్నికల సంఘానికి కూడా మీ అంత పట్టుదల లేదు. పోలింగ్ ముగిసే గడియకు ముందు 48 గంటలు ప్రచారం ఆపండి చాలంటుంది. మీరు ఏడాది పొడవునా ఆపమంటారు. 2024లో మే 13న మనం ఓట్లేస్తే జూన్ 4 దాకా పెట్టెలు తెరవలేదు. మూడు వారాలపైనే! ఆ రోజుల్లో మీకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. పందేలు, ఎగ్జిట్ పోల్స్, “మా బావమరిది ఇంటెలిజెన్స్‌లో ఉన్నాడండీ” అనేవాళ్లు. ఓటు వేయడానికి అమెరికా నుంచి వచ్చినవాళ్లు సెలవు పెంచుకుని మరీ ఈ బల్లల మీద కూర్చున్నారు. చివరికి 175లో కూటమికి 164, వైసీపీకి 11 అని తేలింది. తేలిన గంటలోపే హోటల్లో ఉన్నవాళ్లందరూ “నేను ముందే చెప్పానా లేదా” అన్నవాళ్లే. ఎవరితో చెప్పారో చెప్పగలిగింది మీరొక్కరే. మీరు నోరు విప్పరు.

మీ మనవడు కూడా ప్రయోజకుడయ్యాడని విన్నాను. మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఉంటున్నాడు. ‘రాజకీయాలు, కులం, మతం వద్దు. ఇట్లు అడ్మిన్’ అని పైన అంటించారు. పొద్దున్నే గులాబీపువ్వు మీద గుడ్ మార్నింగ్, ఆ వెంటనే ఫలానా నాయకుడు దేశాన్ని అమ్మేశాడని ఫార్వార్డు. అది రాజకీయం కాదట, సమాచారం. “ఇది నిజమేనా మావయ్యా?” అని మా తమ్ముడు వినయంగా అడిగాడు. అదీ రాజకీయం! సాయంత్రానికి వాణ్ణి గ్రూపులోంచి తీసేశారు. అన్నీ తాత పోలికలే.

ఇక అసలు పనికొస్తాను. రాబోయే మున్సిపల్ ఎన్నికల్లో మన యజమాని వార్డు కౌన్సిలర్‌గా నిలబడే ఆలోచనలో ఉన్నారని తెలిసింది. బీఫారం కోసం తిరుగుతున్నారు, ఏ పార్టీదన్నది ఇంకా తేలలేదు. ప్రచారం మొదలుపెట్టేది ఈ హోటల్లోనే, వచ్చినవాళ్లందరికీ ఉచిత టీలతోనట. ఆ రోజుల్లో మిమ్మల్ని వెనక్కి తిప్పి పెడతారా, దించి స్టోర్ రూములో పడేస్తారా, లేక మీ మీదే ఆయన పోస్టరు అంటిస్తారా అన్నది తేలకపోవడం వల్ల ఖాతాదారులం కాస్త టెన్షన్‌లో ఉన్నాం. ఆయన ఉపన్యాసం ఇస్తుంటే మేం “ఎందుకు?” అని అడగొచ్చా, లేక అప్పుడు కూడా గొంతు సవరించుకుని మీ వైపు వేలు చూపిస్తారా? ఆ ఉచిత టీ అరువు కిందికి వస్తుందా అన్నది కూడా పక్కనున్న బోర్డు గారిని అడిగి, తిరుగు టపాలో తెలియజేయగలరు.

ఇట్లు,
రెండో బల్ల, గోడ వైపు,
తెనాలి.